క్రియ అనగానే పరుగు

జూలై 3

పెద్ద మేడమ్ (హెడ్‌మిస్ట్రెస్‌కి ఆ పేరు పెట్టింది నేనే, ఇప్పుడు స్కూలంతా అలాగే పిలుస్తోంది) ఈ రోజు నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. మా స్కూల్లో డ్రిల్లు మాస్టారిని కూర్చోమన్నారంటే ఏదో మూడిందన్నమాటే.

"ఇంగ్లీషు టీచరు పురిటికి వెళ్ళిపోయింది. ఏడో తరగతి బి సెక్షన్‌కి గ్రామర్ చెప్పేవాళ్ళు లేరు. మీకు పీరియడ్లు ఖాళీగా ఉంటాయి కదా మాస్టారూ," అన్నారు.

ఖాళీ పీరియడ్లు ఉన్న మాట నిజమే. వాటిలో నేను బంతులకు గాలి కొడతాను. ఆ సంగతి చెప్పేలోపే ఆవిడ అసలు విషయానికి వచ్చారు.

"ఈ స్కూలుకి విడిగా ఓ డ్రిల్లు పోస్టు దేనికని సెక్రటరీగారు అడుగుతున్నారు. రెండో బ్రాంచి మాస్టారు శనివారం శనివారం వచ్చిపోతే చాలంటున్నారు. మీరు ఈ క్లాసుని టర్మ్ పరీక్షలో గట్టెక్కించారనుకోండి, ఈయన అక్కరకొచ్చే మనిషి, తీసెయ్యకండి అని నేను గట్టిగా చెప్పగలను. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

"నో ప్రాబ్లమ్ మేడమ్," అన్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో సగం అక్కడే ఖర్చయిపోయింది.

నలభై ఆరేళ్ళు. ఒక మోకాలు అరిగింది. ఈ పోస్టు పోతే నన్నెవరు తీసుకుంటారు? ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెప్పడానికేముంది. ఇంగ్లీషంటే నాకు భయమేం లేదు.

జూలై 5

మొదటి క్లాసు. "ఈ కింది వాక్యాల్లో నౌన్లు, వెర్బులు, అడ్జెక్టివులు గుర్తించండి" అని పుస్తకంలో ఉంది. గుర్తించండర్రా అని నేను పిల్లలతో అన్నాను. మీరే చెప్పండి సార్ అని పిల్లలు నాతో అన్నారు. కాసేపు అలా మర్యాదలు నడిచాయి.

మొదటి బెంచీలో ఒక పిల్ల ఉంది. దాని నోరు క్షణం మూతపడదు. వాగుడుకాయ అని పేరు పెట్టాను. "సార్, బ్యూటిఫుల్ ఏమవుతుంది సార్?" అని అడిగింది.

"మంచి ప్రశ్న. మంచి ప్రశ్నలు అడిగినవాళ్ళు గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు," అన్నాను.

తర్వాత ఎవరూ నోరెత్తలేదు. క్లాసు మీద అప్పుడే పట్టు దొరికినట్టుంది.

జూలై 6

అడ్జెక్టివ్ సంగతి రేపు చూద్దాం.

జూలై 7

రేపు.

జూలై 10

ఇంట్లో మామగారు ఉన్నారు. కంటి ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు ఉండి వెళ్తానని కూతురి దగ్గరికి వచ్చారు. కన్ను ఎప్పుడో బాగైంది. ఉద్యోగమంతా ఇంగ్లీషు పేపర్లో ప్రూఫులు దిద్దిన మనిషి. ఇప్పుడు దిద్దడానికి ఏమీ దొరక్క మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉండే కాగితాలు తీసి ఎర్ర పెన్సిల్‌తో దిద్దుతూ కూర్చుంటారు. మా ఆవిడ పనిచేసేది మందుల షాపులోనే కాబట్టి సరుకుకి కొరత లేదు.

ఆయనకీ నాకూ మాటలు తక్కువ. గొడవేం లేదు. ఆయన వార్తలకీ నా మ్యాచ్‌కీ ఇంట్లో ఒకటే టీవీ, అంతే.

ఈ రోజు మాత్రం కుర్చీ లాక్కుని దగ్గర కూర్చున్నాను.

"మా స్కూల్లో ఒకాయనకి చిన్న సందేహం వచ్చిందండీ. ఏది నౌనో ఏది వెర్బో ఏది అడ్జెక్టివో ఎలా పోల్చుకోవాలని."

"ఏం చెబుతాడాయన?"

"ఇంగ్లీషు."

"జీతం ఇస్తున్నారా?"

"ఇస్తున్నారు."

"ఘోరం," అన్నారు మామగారు. పెన్సిల్ ఆపలేదు. "సరే, ఆ ఒకాయనకి చెప్పండి అల్లుడుగారూ. మాట కనపడగానే దాన్ని పలకరించమనండి. ఎవరు, ఏమిటి అంటే పలికిందా, నామవాచకం. ఏం చేస్తోంది అంటే పలికిందా, క్రియ. ఎలాంటిది అంటే పలికిందా, విశేషణం."

"అంతేనా?"

"అంతే అయితే నాకు ముప్ఫై ఏళ్ళు జీతమెందుకిస్తారు? మాటని ఒంటరిగా పట్టుకుని అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుంది. వాక్యంలో నిలబెట్టి అడగాలి. క్లీన్ ప్లేట్ అన్నామనుకోండి, అది ఎలాంటి ప్లేటో తెలుస్తోంది. క్లీన్ ద ప్లేట్ అన్నామనుకోండి, మీకు పని పడింది. మాట అదే. నిలబడ్డ చోటు వేరు."

"అంటే పొద్దున గోలు దగ్గర కాపలా ఉన్నవాడే సాయంత్రం ముందుకెళ్ళి గోలు కొట్టినట్టన్నమాట."

మామగారు పెన్సిల్ కింద పెట్టి నా వంక చూశారు. "మీ ఒకాయనకి బుర్ర లేకపోలేదు," అన్నారు.

నాకెందుకో చాలా సంతోషమేసింది. ఆ ఒకాయన తరఫున.

జూలై 12

పిల్లల్ని గ్రౌండులోకి తీసుకెళ్ళాను. నాలుగు గోడల మధ్య నాకు బుర్ర పనిచేయదు, ఏం చేయను.

నామవాచకం అంటే అటెన్షన్. క్రియ అంటే ఉన్నచోటే పరుగు. విశేషణం అంటే నడుం మీద చేతులు. తాను ఎలాంటివాడో పదిమందికీ చూపించుకోవాలనుకునేవాడు అలాగే కదా నిలబడతాడు. వాక్యం నేను అరుస్తాను, ఒక్కో మాటకి ఒక్కో విజిల్.

"ద టాల్ గర్ల్ క్యాచెస్ ద బాల్!"

టాల్ అనగానే ముప్ఫై ఎనిమిది మంది నడుం మీద చేతులు వేశారు. గర్ల్ అనగానే కర్రల్లా బిగుసుకున్నారు. క్యాచెస్ అనగానే దుమ్ము లేచింది. మధ్యలో "ద వస్తే ఏం చెయ్యాలి సార్?" అని వాగుడుకాయ. "దానికి రెస్టు," అన్నాను. ఆలోచించుకుంటే సరైన సమాధానమే అనిపిస్తోంది.

గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చేశాడు. బాల్ దగ్గర తప్పాడు.

ఇవాళ గంట కొట్టినా పిల్లలు కదల్లేదు. ఇంకో వాక్యం సార్, ఇంకొక్కటి సార్ అని చుట్టుముట్టారు. నా సర్వీసులో గంట కొట్టాక నన్ను ఉండమన్నవాళ్ళు లేరు. గ్రామర్ పేరు చెప్పి ఉండమన్నవాళ్ళు అసలే లేరు.

జూలై 19

"ఏమండీ, వానొచ్చేలా ఉంది, ఆ బట్టలు తీయండి," అంది మా ఆవిడ.

తీశాను. కాకపోతే తీసే ముందు ఓ క్షణం నిలబడ్డ చోటే పరిగెత్తాను. "మోకాలికేమైందండీ?" అంది. ఏమీ కాలేదన్నాను. మామగారు పేపరు పక్కకి తప్పించి నా కాళ్ళ వంక చూసి, మళ్ళీ పేపరు అడ్డం పెట్టుకున్నారు.

జూలై 28

క్లాసులో స్లిప్ టెస్టు పెట్టాను. పాసైనవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో ముగ్గురు అల్లరి చేస్తుంటే నేనే గోడ పక్కన నిలబెట్టినవాళ్ళు.

"కూర్చుంటే రావట్లేదు సార్," అంది వాగుడుకాయ. ఏడుపు మొహం పెట్టింది. "కాళ్ళకి తెలుసు సార్. చేతికే తెలీట్లేదు."

జూలై 29

టర్మ్ పరీక్ష కూర్చునే రాయాలట. కనుక్కున్నాను.

జూలై 31

దొరికింది. పిల్లలు బెంచీ మీద కూర్చుంటారు గానీ కాళ్ళు బెంచీ కిందే కదా ఉంటాయి. వాటిని ఎవరడిగారు? నామవాచకం అంటే రెండు పాదాలు నేలకి ఆనించి ఉంచడం. క్రియ అంటే మడమలు టకటకా ఆడించడం. విశేషణం అంటే కాలి మీద కాలు. పైన చేయి రాసుకుంటుంది, కింద కాళ్ళు ఆలోచించుకుంటాయి. బయటికి ఎవరికీ తెలియదు.

ఈ ఆలోచన వచ్చినప్పుడు నేను స్నానం చేస్తున్నాను. మా ఆవిడ తలుపు కొట్టి లోపల ఆ టకటకలేమిటని అడిగింది.

ఆగస్టు 9

కింది గదిలో ఆరో తరగతి లెక్కల టీచరు పెద్ద మేడమ్‌కి ఫిర్యాదు చేసిందట, పై కప్పు నుంచి సున్నం రాలి తల మీద పడుతోందని. రేపటి నుంచి బూట్లు విప్పించేస్తాను.

ఆగస్టు 11

బూట్లు విప్పించాను. చప్పుడు లేదు. వాసన ఉంది. కిటికీలన్నీ తెరిపించాను.

ఆగస్టు 22

మళ్ళీ స్లిప్ టెస్టు. ఫెయిలైనవాళ్ళు ఏడుగురే! ఏడుగురే! క్లాసంతా తలలు వంచుకుని ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకుంటూ రాశారు. పక్కవాడి పేపరు తొంగిచూసే తీరిక ఒక్కడికీ లేదు.

మామగారికి చెప్పాలనిపించింది. "ఆ ఒకాయన క్లాసు బాగా చదువుతోందటండీ," అన్నాను. "సంతోషం. ఆయన కాళ్ళు నొప్పెట్టకుండా చూసుకోమనండి," అన్నారు. ఎందుకన్నారో అర్థం కాలేదు. వయసు మీద పడింది కదా.

సెప్టెంబరు 11

టర్మ్ పరీక్ష. నా క్లాసుకి నన్ను కాపలా వేయరు కాబట్టి వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. అంతా సవ్యంగా మొదలైంది. సరిగ్గా అప్పుడే సెక్రటరీగారు పెద్ద మేడమ్‌ని వెంటబెట్టుకుని పరీక్షలు చూడ్డానికి వచ్చారు.

కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన గుమ్మంలో ఆగారు. మొదటి ప్రశ్న అందరూ ఒక్కసారే మొదలుపెట్టినట్టున్నారు, బెంచీల కింద మడమలు బారులు తీరి ఆడుతున్నాయి. తర్వాత బారులు తీరి ఆగాయి. తర్వాత కాలి మీద కాలు. సెక్రటరీగారు వంగి చూశారు. ఇంకాస్త వంగారు. చివరికి మోకాళ్ళ మీద కూర్చుని చూశారు.

"కాళ్ళతో సైగలు! క్లాసుకి క్లాసే కాపీ!" అని అరిచారు.

పేపర్లన్నీ లాక్కుని చదవకుండానే కట్టకట్టి లక్క వేయించారు. నేను లోపలికి పరిగెత్తి అది కాపీ కాదు, డ్రిల్లు అని చెప్పాను. "గ్రామర్‌కి డ్రిల్లా?" అని ఆయన నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది.

సాయంత్రం సెక్రటరీగారు నన్నొక్కణ్ణే పిలిచి నెమ్మదిగా మాట్లాడారు. "చూడండి మాస్టారూ, మీరు కష్టపడి చెప్పారు. పిల్లలే కాపీ కొట్టారు. ఆ ముక్క ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టివ్వండి. పేపర్లు రద్దు చేసి, కాపీ కొట్టారని వాళ్ళ ప్రోగ్రెస్ కార్డుల్లో రాస్తాం. రేపు తల్లిదండ్రులొచ్చి గొడవ చేస్తే చూపించడానికి మా దగ్గర ఒక కాగితం ఉండాలి కదా. మీ పోస్టు జోలికి ఇక ఎవరూ రారు, అది నా మాట."

సరే అనలేదు. కాదనీ అనలేదు. ఆలోచిస్తానన్నాను. ఆలోచించడం తప్పు కాదు.

సెప్టెంబరు 12

పిల్లలు చిన్నవాళ్ళు. కార్డు మీద ఏం రాశారో వచ్చే ఏడాదికి ఎవరికి గుర్తుంటుంది? నా మోకాలు మాత్రం వచ్చే ఏడాదికి ఇంకాస్త అరిగి ఉంటుంది. పైగా నేనేం కల్పించి చెప్పడం లేదు, సెక్రటరీగారు కళ్ళారా చూసిందే రాసిస్తున్నాను.

ఈ రోజు వాగుడుకాయ ఒక్క మాట మాట్లాడలేదు. జలుబు చేసి ఉంటుంది.

సెప్టెంబరు 13

జలుబు కాదు.

సెప్టెంబరు 14

ఆదివారం. పొద్దున్నుంచి కూర్చుని ఆ కాగితం రాశాను. అంత ముఖ్యమైన కాగితం తప్పులతో ఇవ్వకూడదు కాబట్టి మామగారి చేతిలో పెట్టాను. "మా ఒకాయన రాశాడండీ, కాస్త చూడండి," అన్నాను.

ఆయన చదివారు. పెన్సిల్ చెక్కుకున్నారు. మళ్ళీ చదివారు.

"ఇందులో పదిహేడు తప్పులున్నాయి అల్లుడుగారూ. పదహారు నేను దిద్దుతాను."

"ఆ ఒక్కటీ?"

"అది రాసినవాళ్ళే దిద్దుకోవాలి." కాగితం నా వైపు తిప్పి పెన్సిల్ మొనతో ఒక చోట ఆనించారు. "ఈ పిల్లలు కాపీ కొట్టారా?"

"లేదండీ."

"మీకెలా తెలుసు?"

"నేర్పింది నేనే కదండీ!"

ఒకాయన అనడం మర్చిపోయాను. గొంతు కూడా పెద్దదైంది. మామగారు ఆశ్చర్యపోలేదు. "జూలై నుంచీ తెలుసు లెండి," అన్నారు. "బట్టలు తీయమంటే ఎవరు పరిగెడతారు?"

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. ఇక దాచి లాభం లేదు. పోస్టు సంగతి, సెక్రటరీగారు అడిగిన సంగతి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. స్టూలు మీద కూర్చుని చేతులు తుడుచుకుంది.

"పోస్టు పోతే మాత్రం అడుక్కుతింటామా, ఏదో ఒకటి చూసుకుందాం," అంది. "కానీ ఏమండీ, ఈ కాగితం ఇచ్చొచ్చి రేపట్నుంచి ఆ పిల్లల ముందు నిలబడి విజిల్ ఎలా ఊదుతారు?"

భయంగా ఉంది. ఇంగ్లీషంటే కూడా భయమే, మొదటి నుంచీ భయమే. కాగితం చింపేశాను. మామగారు ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేస్తూ ఒక ముక్కలో స్పెల్లింగ్ దిద్దడం చూశాను.

సెప్టెంబరు 15

"కాగితం తేలేదు సార్. మీరూ మేడమూ ఒక్కసారి గ్రౌండులోకి రండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సెక్రటరీగారు గడియారం చూసుకున్నారు. పెద్ద మేడమ్ మాత్రం అప్పటికే లేచారు.

ముప్ఫై ఎనిమిది మందిని ఒకే వరసలో, చేతులు చాచినంత దూరంలో, మొహాలు ప్రహరీగోడ వైపు తిప్పి నిలబెట్టాను. ఎదురుగా గోడ కనపడుతుంది తప్ప ఒకరికి ఇంకొకరు కనపడరు. "ఏ వాక్యమైనా మీరే చెప్పండి సార్. నేను నోరు విప్పను, విజిల్ కూడా ఊదను," అని విజిల్ తీసి ఆయన చేతిలోనే పెట్టాను.

సెక్రటరీగారు గొంతు సవరించుకున్నారు. "ద స్ట్రిక్ట్ సెక్రటరీ పనిషెస్ ద నాటీ చిల్డ్రన్."

స్ట్రిక్ట్: నడుం మీద చేతులు. సెక్రటరీ: అటెన్షన్. పనిషెస్: పరుగు. ఒక్కడు తప్పలేదు. నాకు ఛాతీ ఉబ్బింది. ఆయన మొహం మాత్రం ఇంకా ముడుచుకుంది. "చూశారా? మళ్ళీ అందరూ ఒకటే చేస్తున్నారు. ఇంకేదో సైగ ఉంది," అన్నారు.

బాగా చేస్తే కాపీ అంటారు, చేయకపోతే రాదంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడు పెద్ద మేడమ్ అందుకున్నారు. "నేనొకటి అడుగుతాను. ద లాంగ్ రన్ టయర్డ్ ద బాయ్స్." మామగారి క్లీన్ ప్లేట్ లాంటి తిరకాసే ఇది.

రన్ అనగానే సగం మంది పరుగెత్తారు, సగం మంది అటెన్షన్‌లో ఉన్నారు. వాగుడుకాయ రెండడుగులు పరిగెత్తి, నాలిక కరుచుకుని ఆగింది. టయర్డ్ దగ్గర కొంపే మునిగింది. కొందరు పరుగు. కొందరు నడుం మీద చేతులు. వరస చివర ఒకడు ఎటూ తేల్చుకోలేక నడుం మీద చేతులు పెట్టుకుని పరిగెత్తాడు.

"ఇదేమిటి, ఒక్కొక్కళ్ళూ ఒక్కోలా చేస్తున్నారు?" అన్నారు సెక్రటరీగారు.

"అదే నేనూ చూస్తున్నాను సార్," అన్నారు పెద్ద మేడమ్. "కాపీ కొట్టేవాళ్ళయితే అందరూ ఒకే తప్పు చేస్తారు. వీళ్ళు ఎవరి తప్పు వాళ్ళు సొంతంగా చేస్తున్నారు."

ఆవిడే వెళ్ళి లక్క వేసిన కట్ట తెప్పించి, అక్కడే విప్పించి, పేపర్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించారు. వాటిలోనూ అంతే. తప్పుల్లో ఏ ఇద్దరికీ పోలిక లేదు. విద్యార్థుల తప్పులు చూసి నాలాగా పొంగిపోయిన ఇంగ్లీషు మాస్టారు ఇంకొకడు ఉండడు. ఆ నడుం మీద చేతులు పెట్టుకుని పరిగెత్తినవాణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది.

కార్డుల్లో ఏమీ రాయరట.

సెప్టెంబరు 18

ఫలితాలు వచ్చాయి. నలుగురు తప్ప అందరూ పాస్. సెక్రటరీగారు పిలిపించారు. ఈసారి కూర్చోమనడమే కాదు, టీ కూడా ఇప్పించారు. టీ చూడగానే ఇంకా పెద్దదేదో మూడిందనుకున్నాను.

"ఇంత బాగా ఇంగ్లీషు చెప్పే మనిషిని ఇన్నాళ్ళూ ఎండలో నిలబెట్టడం మా పొరపాటే," అన్నారు. "సోమవారం నుంచి మీరు పర్మనెంటుగా ఇంగ్లీషు టీచరు. డ్రిల్లు పోస్టు తీసేస్తున్నాం. శనివారాలు రెండో బ్రాంచి ఆయన వచ్చి చూసుకుంటాడు."

కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. గెలిచినందుకే పోస్టు పోతోంది. ఏడాదంతా ఆ గదిలో కూర్చుని, కిటికీలోంచి ఖాళీ గ్రౌండు చూస్తూ బతకాలి.

"నాకు ఇంగ్లీషు రాదు సార్," అన్నాను.

ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకూడదని దాచుకు చచ్చిన మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తెలియదు.

"ఎంత వినయమండీ!" అని ఆయన పెద్ద మేడమ్ వైపు తిరిగి మెచ్చుకోలుగా తలూపారు.

ఇక ఇలా లాభం లేదనుకున్నాను. టేబుల్ మీదున్న ఇంగ్లీషు పేపరు తీసి, లేచి నిలబడి, మొదటి వార్త పైకి చదవడం మొదలుపెట్టాను. ఏ మాటా వదల్లేదు. రాని మాటల్ని కూడా వచ్చినంత ధైర్యంగా చదివాను. సెక్రటరీగారు కుర్చీలో కాస్త వెనక్కి జరిగారు. పెద్ద మేడమ్ కళ్ళు మూసుకున్నారు.

"చాలు మాస్టారూ."

"ఇంకా ఉంది మేడమ్."

"చాలు."

పేపరు మడిచి పెట్టాను. "ఆ పిల్లలకి వచ్చిన ఇంగ్లీషు మా మామగారిది సార్. ఆయన నాకు చెబితే నేను వాళ్ళని పరిగెత్తించాను. పరిగెత్తించడం ఒక్కటే నాకొచ్చిన పని. ఉంచితే దానికే ఉంచండి."

పెద్ద మేడమ్ అందుకున్నారు, "ఆ టీచరు తిరిగొచ్చేదాకా గ్రామర్ నేను చెబుతాను సార్. కానీ గ్రౌండులో ఈయన రోజూ ఉండాలి. లేకపోతే నేను చెప్పింది వాళ్ళకి గదిలోనే ఉండిపోతుంది."

సెక్రటరీగారు పేపరు వంక చూశారు, నా వంక చూశారు. ఇంకో వార్త చదువుతానేమోనని భయపడ్డట్టున్నారు. "సరే, ఉండనివ్వండి," అన్నారు.

బయటికొచ్చేసరికి బి సెక్షన్ మొత్తం గ్రౌండులో వరసలు కట్టి నిలబడి ఉంది. ఎవరు చెప్పారో, ఎప్పుడు వచ్చారో తెలియదు. వాగుడుకాయ ముందుకొచ్చింది.

"సార్, ఉంటారా, వెళ్ళిపోతారా?"

"ఉంటాను," అన్నాను.

నేను విజిల్ ఊదలేదు. ఆ మాట ఇంగ్లీషు కూడా కాదు. అయినా ముప్ఫై ఎనిమిది మందీ నిలబడ్డ చోటే పరుగందుకున్నారు. ఆపమని అనబోయి మానుకున్నాను. పరిగెత్తనిచ్చాను.